ఫజలుద్దీన్ సార్ ఇంకా ఏమీ తేల్చలేదు

ఏదైనా చెడిపోయిందని ఎవరు చెప్పినా సరే, ఫజలుద్దీన్ సార్ కుడిచెయ్యి ఎత్తి, అరచేతిని వాళ్ల ముఖం ముందు నిలబెట్టి, కళ్లు మూసుకుంటారు. బస్సును ఆపుతున్నట్టు ఉంటుంది. కాసేపటికి కళ్లు తెరవకుండానే అడుగుతారు.

"దానికి ముందర ఏమైంది?"

ఆయన జీవితంలో ఏ వస్తువునూ చెడిపోయింది అనలేదు. ఏ మనిషినీ అనలేదు. ఎప్పుడు అడిగినా ఆయన దగ్గర ఒకే జవాబు ఉంటుంది. "చెప్పలేను. ఇంకోసారి చూద్దాం."

ఆ ప్రశ్నను ఆయన ఫ్యాను గురించి అడిగారు. నల్లా గురించి అడిగారు. పక్కవీధిలో పెళ్లి ఆగిపోయిందంటే అడిగారు. ఒకసారి కరీంనగర్ బస్టాండులో సంచి పోయిందని ఏడుస్తున్న మనిషిని అడిగారు. ఆ మనిషి ఏడుపు ఆపి ఆలోచించాడు. దానికి ముందు చాయ్ తాగాడు. దానికి ముందు చెప్పు తెగింది. దానికి ముందు చొప్పదండిలో బస్సెక్కాడు. చెప్పు తెగిన చోటికి ఇద్దరూ నడిచి వెళ్లారు. చెప్పులు కుట్టేవాడు సంచిని పీట కింద భద్రంగా పెట్టి, దాని మీద కూర్చుని, వీళ్ల కోసం దారి చూస్తున్నాడు.

సార్ ఒక పాలిటెక్నిక్‌లో చాలాకాలం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నేను వాళ్ల మేడ మీది గదిలో అద్దెకు ఉండేవాణ్ణి. సాయంత్రాలు మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆ పాఠమే నాకూ చెప్పేవారు. లోకం చుక్కలు చుక్కలుగా జరుగుతుందట. తలుపు పడింది. దీపం వెలిగింది. గంట మోగింది. మనకు తెలిసేవి ఈ చుక్కలే. తప్పు మాత్రం రెండు చుక్కల మధ్య, చప్పుడు లేకుండా జరుగుతుంది. దాన్ని ఎవరూ చూడరు. ముందు ఏది, తర్వాత ఏది అని వరసలో పెట్టి చూస్తే మధ్యలో ఏం జరిగిందో ఒక్కోసారి తెలుస్తుంది. తెలియనప్పుడు తెలియదనాలి.

తప్పులు రెండు రకాలట. ఒకటి వచ్చి ఉండిపోయేది. అది తేలిక, ఎక్కడికీ పోదు కాబట్టి ఎప్పుడైనా పట్టుకోవచ్చు. రెండోది వచ్చి పోయేది. మెకానిక్ వచ్చే వేళకు అది ఇంట్లో ఉండదు.

చిక్కేమిటంటే, సార్ దృష్టిలో లోకంలోని తప్పులన్నీ రెండో రకమే. వాళ్లింట్లో ఫ్యాను తనకు తోచినప్పుడు తిరిగేది. గోడగడియారం వానాకాలంలో మాత్రమే నడిచేది. ఫ్రిజ్ మొదలైనప్పుడల్లా వాకిట్లో కాలింగ్ బెల్ మోగేది, సార్ భార్య మక్సూదా ఆపా వెళ్లి తలుపు తీసి, ఎవరూ లేని వీధిని ఒకసారి చూసి వచ్చేవారు.

"ఈ ఫ్యాను పోయింది. కొత్తది తీసుకరాండి" అనేవారామె.

"నిన్న తిరిగింది గదా."

"ఇయ్యాల తిరుగుతలేదు గదా!"

"అంటే పోలే. వస్తది. జర ఆగు."

వేసవి పోయింది. ఫ్యాను చలికాలంలో తిరిగింది. సార్ దుప్పటి కప్పుకుని దాన్ని ప్రేమగా చూశారు.

ఆపా కోపం మీద కూడా ఆయన చాలా ఏళ్లు పనిచేశారు. ఒక సాయంత్రం దిగులుగా మెట్ల మీదికి వచ్చారు.

"భాయ్, కోపమొస్తే ఏం లేదంటది. కోపం లేకున్నా ఏం లేదంటది. రెండింటికీ ఒకటే చప్పుడు. ఎట్ల తెల్సుకోవాలె?"

"అడగవచ్చు కదా సార్."

"అడిగిన. ఏం లేదన్నది."

అటువంటి రోజుల్లో ఒకనాడు ఆదిలాబాద్ నుంచి హనుమండ్లు ఫోన్ చేశాడు. సార్ దగ్గర చదువుకున్నవాడు. అక్కడ పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లులో మేనేజరు.

"సార్, మా బేళ్ల ప్రెస్ ఉండుండి ఆగుతున్నది. మిషన్‌ని మార్చాల్నా, మనిషిని మార్చాల్నా తెల్వక పరేషాన్ అయితున్న."

సార్ ఫోన్ ముందు అరచెయ్యి నిలబెట్టి కళ్లు మూసుకున్నారు.

"దానికి ముందర ఏమైంది?"

అటువైపు హనుమండ్లు నవ్వాడు.

"సార్, మీరు ఏం మారలే."

ఆపా నన్ను వెంట పంపించారు. "నువ్వు గూడ పో భాయ్. ఈయన ఒక్కడు పోతే, బస్సు ఎందుకాగిందో ఆలోచించుకుంట నిర్మల్ల దిగిపోతడు."

తెల్లవారకముందే బయలుదేరాం. కొండగట్టు దగ్గర పొగమంచు కొండను సగానికి కోసింది. పై సగం ఆకాశంలో ఉంది, కింది సగం లేదు. సార్ కిటికీకి తల ఆనించి దాన్ని చూశారు. కొండ ఏమైందని అడుగుతారనుకున్నాను. అడగలేదు. నిద్రపోయారు.

ఆదిలాబాద్‌లో మంచు ఇంకా చిక్కగా ఉంది. మిల్లు ముందు పత్తి బండ్లు, ట్రాక్టర్లు బారుగా నిలబడి ఉన్నాయి. లోపల పెద్ద రేకుల షెడ్డు. గాలి నిండా దూది నూగు. అది పడదు, లేవదు, ఉన్నచోట ఉంటుంది. మనుషులు దాని మధ్య నెమ్మదిగా ఈదుతున్నట్టు తిరుగుతున్నారు. అక్కడ గట్టిగా మాట్లాడినా మెత్తగానే వినిపిస్తుంది.

షెడ్డు చివర ప్రెస్. ఇనుప పెట్టెలోకి దూది పడుతుంది. తలుపు మూసుకుంటుంది. పైనుంచి బరువు దిగి నొక్కుతుంది. దూది గట్టి మూటగా, బేలుగా కట్టుకుంటుంది. తలుపు తెరుచుకుంటుంది. ఒకదాని తర్వాత ఒకటి. పెట్టె నోటి దగ్గర ఒక సెన్సార్ ఉంది. ఎవరి చెయ్యైనా లోపలికి వస్తే అది చూసి, ఎర్రదీపం వెలిగించి, ప్రెస్‌ను ఆపేస్తుంది. చెయ్యి నలగకూడదని.

"ఇప్పుడు చెయ్యి లేకున్నా ఎర్రదీపం వస్తున్నదని మా ఆపరేటర్ స్టీఫెన్ అంటుండు" అన్నాడు హనుమండ్లు. "నాగపూర్ మెకానిక్ వచ్చిండు, చూసిండు, మిషన్ మంచిగున్నదని పోయిండు. మాపటి పూట మనిషికి ఎన్నడూ ఆగలే. పొద్దటి పూట వీడు నిలబడితేనే ఆగుతది. ఎర్రదీపమంటే చెయ్యే సార్. దానికి వేరే అర్థం లేదు."

స్టీఫెన్ సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కనుబొమల మీద నూగు. అతను రెండు చేతులూ ముందుకు చాచి చూపించాడు.

"నా చేతులు నా దగ్గర్నే ఉన్నయి సార్."

"ఇయ్యాల ఉన్నయి. రేపు ఒకటి లోపల పడితే ఎవరు జవాబు చెప్పాలె? నీ మీద పగతోని అంటున్ననా?"

పగ లేదు. అది స్టీఫెన్‌కూ తెలుసు. అందుకే అతను చేతులు దించుకున్నాడు. మిల్లు యజమాని సేటు నాగపూర్‌లో ఉంటాడు. ఆయన ఈ వారంలోనే వస్తున్నాడు. ఆపరేటర్ తప్పేనని తేలితే స్టీఫెన్ పని పోతుంది. పనితో పాటు, పత్తి తూచే కాంటా వెనక వాళ్లు ఉంటున్న గది పోతుంది. కూతురు స్తుతి పదో తరగతి. మార్చిలో పరీక్షలు.

స్టీఫెన్ భార్య ఆనందమ్మ తలుపు దగ్గరే నిలబడి మాట్లాడింది. "బిడ్డ పరీక్షలు రాసేదాక ఉండనిస్తె సాలు సార్. మద్యల ఊరికి పోతె దాని సదువు ఆగిపోతది."

సార్ ఒక కుర్చీ అడిగారు.

ఆ కుర్చీ ప్రెస్ ముందు వేయించుకుని, ఒడిలో చేతులు పెట్టుకుని, కళ్లు సగం మూశారు. బయట మంచు విడవలేదు. లోపల ప్రెస్ మూసుకుంది, నొక్కింది, తెరుచుకుంది. నూగు వచ్చి సార్ భుజాల మీద వాలింది. తర్వాత టోపీ మీద, గడ్డం మీద. ఆయన కదలలేదు. మధ్యాహ్నానికి కుర్చీలో ఒక దూది మనిషి ఉన్నాడు.

బేళ్లు మోసే హమాలీ ఒకతను నా దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగాడు. "చాచా పండుకున్నడా?"

"లేదు. చూస్తున్నాడు."

"కండ్లు మూస్కొనా?"

"అట్లా చూస్తే ఎక్కువ కనబడుతుందట."

అతను కాసేపు తనూ కళ్లు మూసుకుని చూశాడు. బేలు కాలికి తగిలింది.

ఆ రోజు ప్రెస్ ఆగలేదు. సాయంత్రం హనుమండ్లు వచ్చాడు. "సార్, ఏమన్న తెల్సిందా?"

"చెప్పలేను."

మర్నాడు ఎండ వచ్చింది. సార్ మళ్లీ దూదిలో మునిగారు. స్టీఫెన్ ప్రెస్ దగ్గర నిలబడ్డాడు, పక్షులకు భయపడే మనిషిలా చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని. కాస్త పొద్దెక్కాక, బరువు సగం దిగినప్పుడు, ఎర్రదీపం వెలిగింది. ప్రెస్ ఆగింది.

"థాంబా! థాంబా!" అని హమాలీలు మరాఠీలో అరుస్తూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు.

హనుమండ్లు ఆఫీసు గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. "స్టీఫెన్! చెయ్యి!"

స్టీఫెన్ పోలీసులకు దొరికినవాడిలా రెండు చేతులూ పైకెత్తాడు.

సార్ కుర్చీలోంచి లేచారు. ఒంటి మీది దూది అంతా ఒక్కసారి గాలిలోకి లేచింది. ఆ మేఘంలోంచి చప్పట్లు వినిపించాయి.

"వచ్చింది! మాషాల్లా, వచ్చింది!"

చాలాకాలానికి చుట్టం దిగినట్టు ఆయన ప్రెస్‌కు ఎదురెళ్లారు. ఎర్రదీపం ముందు వంగి చూశారు. కాసేపటికి, స్టీఫెన్ సద్ది తినడానికి కూర్చున్నాక, దీపం దానంతటదే ఆరిపోయింది.

"పోయింది" అన్నారు సార్. నిజంగానే బాధపడ్డారు.

ఆ తర్వాత అందరినీ చుట్టూ కూర్చోబెట్టి చెయ్యెత్తారు. "దానికి ముందర ఏమైంది?"

"ఏం కాలే సార్."

"ఏం కాకుంటే ఏం కాదు. చెప్పుండ్రి."

మెల్లగా చెప్పారు. దూది పడింది. తలుపు మూసుకుంది. చాయ్ తెచ్చే మొగిలి వచ్చాడు, కొంచెం ఆలస్యంగా. హమాలీలు చాయ్ తాగారు. స్టీఫెన్ దగ్గాడు. ఆనందమ్మ సద్ది డబ్బా తెచ్చి, ప్రెస్ పక్క స్తంభానికున్న మేకుకు తగిలించి పోయింది. బరువు దిగింది.

సార్ కళ్లు తెరిచారు. "బాగున్నది. రేపు ఇదే పొద్దు మల్ల చేద్దాం."

"ఏం పొద్దు సార్?"

"నిన్న... కాదు, ఇయ్యాల్టిది. ఇయ్యాల్టి పొద్దు రేపు మల్ల చెయ్యాలె. ఏదీ మారొద్దు."

ఆ పొద్దును మళ్లీ చెయ్యడం చూడవలసిందే. మొగిలి కెటిల్ పట్టుకుని ముందే వచ్చేశాడు.

"నువ్వు ఆలస్యంగా గదా వచ్చింది?" అన్నారు సార్.

"మీరు పిలిచిండ్రని జల్ది వచ్చిన సార్."

"పో. గేటు బయట నిలబడి ఆలస్యం చెయ్యి."

మొగిలి గేటు బయట, చల్లారుతున్న చాయ్ పట్టుకుని, శ్రద్ధగా ఆలస్యం చేశాడు. తర్వాత వచ్చాడు. హమాలీలు అవే గ్లాసులు పట్టుకున్నారు. గ్లాసుల దగ్గర చిన్న తగువు కూడా వచ్చింది, నిన్న ఎవరిది ఏదో అని.

"స్టీఫెన్, దగ్గు."

"దగ్గు వస్తలేదు సార్."

"నిన్న వచ్చింది గదా?"

"నిన్న దానంతటదే వచ్చింది."

స్టీఫెన్ ప్రయత్నించి దగ్గాడు. సార్‌కు నచ్చలేదు. "గింత గట్టిగ దగ్గలే. జర మెల్లగ." మూడోసారికి కుదిరింది. అప్పటికి అతనికి నిజంగా దగ్గు పట్టుకుంది.

ఆనందమ్మ వచ్చింది. ఎవరివైపూ చూడకుండా డబ్బాను మేకుకు తగిలించింది. బరువు దిగుతోంది. ఎర్రదీపం వెలిగింది. ప్రెస్ ఆగింది.

"చూసిండ్రా సార్!" అన్నాడు హనుమండ్లు. "మీ ముంగట్నే. మల్ల వీడే."

స్టీఫెన్ చేతులు వాటంతటవే పైకి లేచాయి. ఆనందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సార్ ప్రెస్‌ను చూడడం లేదు. తల ఎత్తి పైకప్పు వైపు చూస్తున్నారు. తూర్పున ఒక రేకు గాలికి కొద్దిగా లేచి ఉంది. ఆ సందులోంచి ఎండ ఒక్క పట్టీలా ఏటవాలుగా దిగుతోంది. దానిలో ఉన్న నూగు మాత్రమే కనబడుతోంది, మెరుస్తూ, తొందర లేకుండా. సార్ చాలాసేపు అలాగే నిలబడ్డారు. అందరం కాసేపు తలలు ఎత్తి ఊరికే ఆ వెలుతురును చూశాం.

"సార్" అన్నాడు హనుమండ్లు. "ఏమంటరు?"

"చెప్పలేను."

"ఇంక చెప్పలేకపోవుడేంది సార్! సేటు రేపు పొద్దుగాల వస్తుండు. మీరు చెప్పకపోతే నేను చెప్పాలె. నాకు తెల్సింది నేను చెప్త."

"రేపు ఎండ ఉంటదా?"

"సార్?"

"ఊకెనే అడిగిన."

సాయంత్రం బజారుకు వెళ్లాం. సార్ ఒక స్టీలు సామాన్ల దుకాణం ముందు ఆగి, సద్ది డబ్బాలు చూపించమన్నారు.

"ఏది కావాలె చాచా? రెండు గిన్నెలదా, మూడు గిన్నెలదా?" అన్నాడు దుకాణదారు.

"బాగ మెరిసేది."

"అన్నం ఎంత పడ్తదో చూడరా?"

"ఇప్పుడు అన్నంతోని పని లేదు."

దుకాణదారు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. సార్ ఒక్కొక్క డబ్బానూ వాలుతున్న ఎండలోకి ఎత్తి, తిప్పి, గోడ మీద పడే వెలుగును పరీక్షించి, చివరకు ఒకటి తీసుకున్నారు. ఆపాకేమో అనుకున్నాను.

రోడ్డు మీద పత్తి బండ్ల నుంచి రాలిన దూది, చెట్ల కొమ్మలకు అంటుకుని ఉంది. దాని కింద నడుస్తూ అడిగాను. "మీకు తెలిసింది కదా సార్?"

"తెల్సింది." ఆయన డబ్బాను చంకలో పెట్టుకున్నారు. "పొద్దుగాల ఆ సందులకెంచి ఎండ వచ్చి డబ్బా మీద పడ్తది. డబ్బా ఆ వెలుగును తీస్కపోయి సెన్సార్ కంట్లె పోస్తది. దానికేం కనబడది. చెయ్యి అడ్డమొచ్చిందనుకుంటది, ఆగుతది. మంచి మిషన్ భాయ్. అనుమానమొస్తే ఆగుతది. స్టీఫెన్ డబ్బా తీసి తినుడు మొదలుపెడితే వెలుగు పోతది, తప్పు పోతది. మాపటికి ఎండ అటు ఉండది. మంచున్న దినం అసలే ఉండది."

"మరి అక్కడే చెప్పవచ్చు కదా?"

"చెప్తే ఏమంటరు? స్టీఫెన్ డబ్బా అంటరు. సేటు ఒక్క దినం ఉంటడు. ఆయనకు ఎండ యాదికుండది. రేకు యాదికుండది. స్టీఫెన్ అన్నది ఒక్కటే యాదికుంటది." కొంతదూరం నడిచారు. "మిషన్ల పడ్డ తప్పు వచ్చి పోతది భాయ్. మనిషి మీద పడ్డ మాట వచ్చి ఉండిపోతది."

ఒకదాన్ని ఉండిపోయే రకమని ఆయన అనగా వినడం అదే మొదటిసారి.

"సార్, ఇన్నేళ్లుగా అందరికీ చెప్పలేనంటూ వచ్చారు కదా. నిజంగా తెలియకనేనా?"

"సగం సార్లు తెల్వది."

"తక్కిన సగం?"

ఆయన డబ్బా మూత తీసి, పెట్టి, మళ్లీ తీసి చూశారు. "మూత జర వదులున్నది" అన్నారు.

మరునాడు ఉదయం ఎండ బాగా కాసింది. సేటు వచ్చాడు. తెల్లని బట్టల్లో కాంటా దగ్గర నిలబడి, హనుమండ్లు చెప్పేది వింటూ, మొగిలి ఇచ్చిన చాయ్ తాగుతున్నాడు.

షెడ్డులో సార్ స్టీఫెన్ భుజం మీద చెయ్యి వేశారు. "నువ్వు పోయి చాయ్ తాగిరా."

"ప్రెస్ సార్?"

"నేను చూస్త. ఇసొంటివి నేర్పిచ్చుకుంటనే ముసలోణ్ణైన. నువ్వు పో. సేటు పక్కకే నిలబడి తాగు."

"సేటు పక్కకా?"

"ఆయన భుజం నీ భుజానికి తాకాలె."

స్టీఫెన్ భయపడుతూ వెళ్లాడు. అతను సేటు పక్కన గ్లాసు పట్టుకుని నిలబడడం షెడ్డు తలుపులోంచి కనబడుతూనే ఉంది. సేటు ఒక అడుగు జరిగాడు. స్టీఫెన్ చెప్పినట్టే ఒక అడుగు జరిగాడు.

సార్ కొత్త డబ్బాను మేకుకు తగిలించి, ప్రెస్ ముందు నిలబడ్డారు. దూది పడింది. తలుపు మూసుకుంది. పైన ఎండ మెల్లగా, నూగును తోసుకుంటూ, స్తంభం మీద జారి వచ్చింది. డబ్బా అంచును తాకింది. తర్వాత డబ్బా మొత్తం ఒక చిన్న సూర్యుడైంది.

ఎర్రదీపం. ప్రెస్ ఆగింది.

"థాంబా! థాంబా!"

హనుమండ్లు చాయ్ ఒలికించుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. అలవాటు అతని కాళ్లలో ఉంది, నోట్లో కూడా ఉంది. "స్టీఫెన్! చెయ్యి!"

"నేను ఈడున్న సార్!" కాంటా దగ్గర నుంచి స్టీఫెన్ అరిచాడు. సేటు పక్కకు తిరిగి అతన్ని చూశాడు. తర్వాత అతని చేతులు చూశాడు. రెండూ చాయ్ గ్లాసును పట్టుకుని ఉన్నాయి.

ప్రెస్ ముందు, వెలుతురులో, ఒంటినిండా దూదితో సార్ రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నారు.

"గీసారి నేను హనుమండ్లూ. ఇగ నన్ను తీసెయ్యి."

హనుమండ్లు డబ్బాను చూశాడు. డబ్బా మీది ఎండను చూశాడు. ఎండ వచ్చిన దారి వెంట కళ్లు పైకి తీసుకెళ్లి రేకు దగ్గర ఆగాడు. సార్ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మూడేళ్లు ఆయన పాఠం విన్నవాడు. కాసేపటికి వెళ్లి తనే నిచ్చెన మోసుకొచ్చాడు. స్టీఫెన్ కింద పట్టుకున్నాడు. సార్ మేకులు అందించారు. సేటు దూరంగా నిలబడి ఆపరేటర్ ఎవరో, రేకు వేయాల్సింది ఎవరో అడుగుతూ ఉంటే, హనుమండ్లు నిచ్చెన మీదనుంచే "రేకు పని నాదే సేట్, మర్చిపోయిన" అన్నాడు.

రేకు మూసుకుంది. షెడ్డులో ఒక పట్టీ వెలుతురు తగ్గింది.

సార్ మేకు మీది కొత్త డబ్బాను తీసి, తలుపు దగ్గర నిలబడి ఉన్న ఆనందమ్మ చేతిలో పెట్టారు. "మూత జర వదులున్నది చెల్లె. పులుసు పొయ్యకు." ఆమె కాంటా వెనక గదిలోకి వెళ్లి, దాని నిండా జొన్నరొట్టెలు, వంకాయకూర పెట్టుకొచ్చింది. సార్ దాన్ని ఆ మేకుకే తగిలించి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఎప్పుడు ఆకలైతే అప్పుడు తిందామని కూర్చున్నారు. స్టీఫెన్ ప్రెస్ ముందు తన చోటికి వచ్చాడు. ప్రెస్ మూసుకుంది, నొక్కింది, తెరుచుకుంది.